కౌమారుల్లో కుంగుబాటు కొలమానాలు

కుంగుబాటు, అంటే వాడుకలో డిప్రెషన్, లక్షణాలు కౌమార వయస్కుల్లో ఎంత మేరకు ఉన్నాయో అంకెల్లో తెలుసుకోవడానికి వాడే ప్రశ్నావళులనూ ముఖాముఖి పరిశీలన పత్రాలనూ కుంగుబాటు కొలమానాలు లేక రేటింగ్ స్కేళ్లు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కౌమారం 10 నుంచి 19 ఏళ్ల వరకు. ఒక్కో లక్షణానికి ఒక ప్రశ్న, ఒక్కో జవాబుకు ఇన్ని అని మార్కులు, చివర్లో వాటి మొత్తం: పైకి కనిపించే నిర్మాణం ఇంతే. ఆ మొత్తాన్ని ముందే నిర్ణయించిన కటాఫ్‌తో పోల్చి, ఆ బాలికతోనో బాలుడితోనో నిపుణులు కూర్చుని మాట్లాడాలా వద్దా అన్నది తేలుస్తారు. చికిత్స మొదలయ్యాక మార్పును గమనించడానికీ, ఒక ప్రాంతంలో సమస్య ఎంత ఉందో సర్వే చేయడానికీ, మందులూ మాటల చికిత్సలూ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడానికీ ఇవే ఆధారం.

తెలుగు పిల్లల దగ్గర ఈ కొలమానాలను వాడేటప్పుడు ఎదురయ్యే సంగతులకు ఈ వ్యాసంలో నెల్లూరు తీరంలోని మైపాడును ఉదాహరణగా తీసుకున్నాం. ఇది ఇందుకూరుపేట మండలంలో, నెల్లూరుకు తూర్పున బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఊరు. చేపల వేట, రొయ్యల చెరువులు, వరి సాగు ఈ తీరంలో ప్రధానమైన బతుకుతెరువులు.

ఏం కొలుస్తాయి, ఏం కొలవవు

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 ప్రకారం ప్రధాన కుంగుబాటు రుగ్మతకు తొమ్మిది లక్షణాలు: దిగులు, దేనిమీదా మనసు లేకపోవడం, ఆకలిలో మార్పు, నిద్రలో మార్పు, కదలికలు మందగించడం లేదా నిలకడ లేకపోవడం, అలసట, తాను పనికిరాననో తప్పు చేశాననో అనిపించడం, ఏకాగ్రత కుదరకపోవడం, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, రెండు వారాల పాటు, దాదాపు రోజూ ఉండాలి. ఆ ఐదింటిలో మొదటి రెండింటిలో ఒకటి తప్పనిసరి. పిల్లల విషయంలో ఈ గ్రంథం ఒక ముఖ్యమైన సడలింపు ఇచ్చింది. పెద్దవాళ్లలో దిగులు కనిపించే చోట కౌమారుల్లో చిరాకు కనిపించవచ్చు, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. అమ్మ పలకరిస్తే కసిరే పిల్లవాడిని ఇల్లంతా పొగరుబోతు అంటున్నప్పుడు ఈ ఒక్క వాక్యం చాలా పనికొస్తుంది.

కొలమానం చేసేది ఈ లక్షణాలను లెక్కపెట్టడం. నిర్ధారణ అంతకంటే పెద్ద పని. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, చదువుకూ స్నేహాలకూ ఎంత అడ్డం వస్తున్నాయి, మధ్యలో ఎప్పుడైనా అతి ఉత్సాహపు దశలు వచ్చాయా, ఇంట్లో ఇటీవల ఎవరైనా పోయారా, థైరాయిడ్ లోపమో రక్తహీనతో ఉందా అన్నవన్నీ వైద్యుడు తేల్చుకోవాలి. రక్తహీనత సంగతి ఆంధ్రప్రదేశ్‌లో మాటవరసకు చెప్పేది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ప్రశ్నావళిలో 'అలసట' దగ్గర పడే మార్కులు కొన్నిసార్లు హిమోగ్లోబిన్‌వి.

లక్షణాల లెక్కకూ నిర్ధారణకూ మధ్య ఉన్న ఈ తేడాను మరిచిపోతే అంకెలు ఎంత దూరం పోతాయో రెండు అంతర్జాతీయ సమీక్షలు చూపిస్తాయి. నిర్ధారణ ముఖాముఖీల మీద ఆధారపడిన 2015 నాటి సమీక్షలో పిల్లలు, కౌమారుల్లో కుంగుబాటు రుగ్మతలు 2.6 శాతం. కోవిడ్ కాలపు అధ్యయనాలను కూర్చిన 2021 నాటి సమీక్షలో, ప్రశ్నావళుల మీద కటాఫ్ దాటినవారు 25.2 శాతం. మహమ్మారి వల్ల బాధ పెరిగిన మాట నిజమే. అయినా ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి రుగ్మత పది రెట్లు పెరిగిందనడం తప్పు. ఒకటి నిర్ధారణల లెక్క, రెండోది లక్షణాల లెక్క.

చరిత్ర

కుంగుబాటును మార్కుల్లో కొలిచే పద్ధతి పెద్దవాళ్ల దగ్గర మొదలైంది. బ్రిటన్‌లో మాక్స్ హామిల్టన్ 1960లో వైద్యుడు నింపే కొలమానాన్ని ప్రకటించాడు. మరుసటి ఏడాది అమెరికాలో ఆరన్ బెక్, రోగి తానే నింపుకొనే 21 అంశాల పత్రాన్ని తెచ్చాడు. 1965లో విలియం జంగ్ 20 అంశాలతో మరొకటి రాశాడు. పిల్లల కోసం ఎవరూ రాయకపోవడానికి కారణం ఉంది. మనస్సాక్షి పూర్తిగా రూపుదిద్దుకోని వయసులో కుంగుబాటు రాదనీ, వచ్చినా పక్క తడపడం, కడుపునొప్పి, అల్లరి వంటి ముసుగుల్లోనే ఉంటుందనీ అప్పటి మనోవిశ్లేషణ వర్గాల్లో గట్టి నమ్మకం. 1971లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐరోపా బాలల మనోవైద్యుల మహాసభ పిల్లల కుంగుబాటునే చర్చాంశంగా పెట్టుకోవడంతో ఆ నమ్మకం సడలింది. 1980లో వచ్చిన డీఎస్‌ఎం-3 పిల్లలకూ పెద్దల ప్రమాణాలనే వర్తింపజేసింది.

ఆ కాలంలోనే పిల్లల కొలమానాలు పుట్టాయి. మరియా కోవాక్స్ బెక్ పత్రాన్ని పిల్లల మాటల్లోకి తిరగరాసి సీడీఐని రూపొందించింది. ఎల్వా పోజ్నాన్‌స్కీ 1979లో హామిల్టన్ పద్ధతిలో వైద్యుడు నింపే సీడీఆర్‌ఎస్‌ను ప్రకటించింది. తర్వాత దాన్నే సవరించి సీడీఆర్‌ఎస్-ఆర్ చేశారు. 1980లలో విలియం రేనాల్డ్స్ 30 అంశాల ఆర్‌ఏడీఎస్‌ను ప్రత్యేకించి కౌమారుల కోసం రాశాడు. ఏడ్రియన్ ఆంగోల్డ్, జేన్ కాస్టెల్లో 1987లో ఎంఎఫ్‌క్యూను, 1995లో దాని 13 అంశాల పొట్టి రూపాన్ని తెచ్చారు. 2001లో క్రోన్కే, స్పిట్జర్, విలియమ్స్ తొమ్మిది లక్షణాలకు తొమ్మిది ప్రశ్నలుగా పీహెచ్‌క్యూ-9ను ప్రచురించారు. దాని కౌమార రూపం పీహెచ్‌క్యూ-ఏ 2002లో వచ్చింది. అమెరికా నివారణ సేవల కార్యదళం 12–18 ఏళ్ల వారందరినీ కుంగుబాటు కోసం పరీక్షించాలని 2009లో సిఫారసు చేసి, 2016లోనూ 2022లోనూ పునరుద్ఘాటించింది. తగిన చికిత్స అందించే ఏర్పాటు ఉండాలన్నది మొదటినుంచీ దాని షరతు.

రకాలు

పత్రాన్ని ఎవరు నింపుతారన్న దాన్ని బట్టి వీటిని మూడుగా చూడవచ్చు.

స్వీయ నివేదిక కొలమానాలను పిల్లలే నింపుతారు. పీహెచ్‌క్యూ-ఏ, సీడీఐ, ఆర్‌ఏడీఎస్, ఎంఎఫ్‌క్యూ, బెక్ పత్రం ఈ కోవలోవి. 7–17 ఏళ్ల వారి కోసం రాసిన సీడీఐ మొదటి రూపంలో 27 అంశాలు. ప్రతి అంశానికీ మూడేసి వాక్యాలు ఉంటాయి, తనకు సరిపడే వాక్యాన్ని పిల్లలు ఎంచుకోవాలి. మొత్తం 0 నుంచి 54. బెక్ పత్రం 1996 నాటి రెండో రూపం 13 ఏళ్లు నిండినవారికి. మొత్తం 63లో 14 నుంచి స్వల్పం, 20 నుంచి మధ్యస్థం, 29 నుంచి తీవ్రం. ఇందులో లైంగికాసక్తి గురించిన అంశం ఒకటుంది. తరగతి గదిలో ఇవ్వడానికి జంకి దాన్ని తీసేసేవాళ్లున్నారు. అలా తీసేస్తే మొత్తం మారుతుంది, కటాఫ్‌లు ఇక వర్తించవు.

నిపుణుడు నింపే కొలమానాల్లో ప్రధానమైనది సీడీఆర్‌ఎస్-ఆర్. 17 అంశాల్లో 14 ముఖాముఖిలో అడిగి నింపేవి. మిగతా మూడూ పిల్లల ముఖకవళికలు, మాట తీరు, కదలికల వేగం చూసి వేసేవి. మార్కులు 17 నుంచి 113 వరకు. 40 లేక అంతకంటే ఎక్కువ వస్తే కుంగుబాటు ఉండే అవకాశం బలంగా ఉందని పరిశోధకులు సాధారణంగా భావిస్తారు. అడిగేవారికి శిక్షణ కావాలి, సమయం పడుతుంది.

మూడో రకం తల్లిదండ్రులో ఉపాధ్యాయులో నింపేవి. ఎంఎఫ్‌క్యూకు తల్లిదండ్రుల రూపం ఉంది. 119 అధ్యయనాలను కలిపి అఖెన్‌బాక్ బృందం 1987లో చేసిన విశ్లేషణలో, పిల్లలు తమ గురించి చెప్పినదానికీ ఇతరులు వాళ్ల గురించి చెప్పినదానికీ సహసంబంధం సగటున 0.22 మాత్రమే. అల్లరి బయటికి కనబడుతుంది, దిగులు కనబడదు. కాబట్టి కుంగుబాటు విషయంలో పిల్లల మాటే మొదటి ఆధారం. తల్లి మాట దానికి తోడు.

వీటికి తోడు విస్తృత కొలమానాలు కొన్ని ఉన్నాయి. గుడ్‌మన్ 1997లో రాసిన 25 అంశాల ఎస్‌డీక్యూ ప్రవర్తన, స్నేహాలు, భావోద్వేగాలు అన్నిటినీ తడుముతుంది. కుంగుబాటు ఒక్కదానికే కావలసినప్పుడు అది చాలదు.

కొలమానం లోపలి తీరు: పీహెచ్‌క్యూ-ఏ

పీహెచ్‌క్యూ-ఏ ఒక్క పేజీ. రుసుము లేకుండా దొరుకుతుంది. గత రెండు వారాల్లో ఈ ఇబ్బంది ఎన్ని రోజులు ఉందన్నది ప్రతి ప్రశ్న సారాంశం. అస్సలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగం కంటే ఎక్కువ రోజులైతే 2, దాదాపు ప్రతిరోజూ అయితే 3. మొత్తం 27. 5 నుంచి 9 స్వల్పం, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 మధ్యస్థం కంటే తీవ్రం, 20 నుంచి తీవ్రం. ఈ ఇబ్బందుల వల్ల చదువు, ఇంటిపని, ఇతరులతో మెలగడం ఎంత కష్టమయ్యాయో అడిగే ప్రశ్నకు మార్కులు లేవు. నిర్ణయంలో మాత్రం దాని బరువు చాలా ఎక్కువ.

పద్ధతి స్పష్టం కావడానికి ఒక కల్పిత ఉదాహరణ. మైపాడులో పదో తరగతి చదివే పదిహేనేళ్ల అమ్మాయి ఈ పత్రం నింపిందనుకుందాం. దిగులు లేదా చిరాకు 1, మనసు లేకపోవడం 2, నిద్ర 3, ఆకలి 1, అలసట 3, తన మీద తనకు చిన్నచూపు 1, ఏకాగ్రత 2, కదలికలు 0, చావు ఆలోచన 0. మొత్తం 13. కాగితం మీద ఇది మధ్యస్థ కుంగుబాటు. పత్రం చూసిన ఆశా కార్యకర్త పక్కన కూర్చుని అడుగుతుంది: “నిద్ర పట్టట్లేదా పాపా?” “పడతా ఉందక్కా. నాన్న మూడు గంటలకి వేటకి పోతాడు గదా, అమ్మతో పాటు లేస్తా. మళ్లీ పట్టదు.” నిద్రకూ అలసటకూ పడిన ఆరు మార్కులకు పడవ బయల్దేరే వేళ ఒక కారణం అయి ఉండొచ్చని ఇప్పుడు తెలిసింది. ఆ ఆరూ తీసేస్తే మిగిలేది 7.

అలా తీసేయవచ్చా? తీసేయకూడదు. నాన్న ఎప్పటినుంచో మూడింటికే లేస్తున్నాడు. ఈ నెలలోనే నిద్ర మళ్లీ పట్టకపోవడం ఎందుకో అడగాలి. మనసు లేకపోవడం దగ్గర పడిన 2 మార్కులు ఇంకా అలాగే ఉన్నాయి. కొలమానం ఇచ్చిన 13 ఆ సంభాషణ ఎక్కడ మొదలుపెట్టాలో చూపింది. దాని పని అంతవరకే. అదే తరగతిలో ఇంకొక అబ్బాయికి మొత్తం 8 వచ్చి, అందులో చావు ఆలోచన దగ్గర 1 ఉందనుకుంటే, తక్కువ మార్కులు వచ్చినా ముందు పలకరించవలసింది అతణ్నే.

రెండు వారాల గడువు కూడా వివరించి చెప్పవలసిన సంగతే. బాధలో ఉన్న పిల్లలకు నిన్నటి రోజే నెల రోజులంత పొడుగు. మన భాషలో పక్షం అన్న మాట సిద్ధంగా ఉంది. పోటుపాట్లను చంద్రుణ్ని బట్టి లెక్కగట్టే వేట కుటుంబాల పిల్లలకు 'పోయిన అమావాస్య నుంచి పున్నమి దాకా' అంటే తేదీలు చెప్పనక్కర్లేదు. కాగితం మీద పద్నాలుగు గళ్లు గీసి, ఇబ్బంది ఉన్న రోజులను కొట్టేయమంటే 'కొన్ని రోజుల'కూ 'సగం కంటే ఎక్కువ రోజుల'కూ తేడా చేత్తో తెలుస్తుంది.

కటాఫ్: సున్నితత్వం, నిర్దిష్టత

నిజంగా కుంగుబాటు ఉన్నవారిలో ఎంతమందిని కొలమానం పట్టుకుంటుందన్నది సున్నితత్వం. లేనివారిలో ఎంతమందిని లేదని సరిగ్గా వదిలేస్తుందన్నది నిర్దిష్టత. కటాఫ్ తగ్గిస్తే మొదటిది పెరిగి రెండోది పడిపోతుంది, పెంచితే తారుమారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు 181 మంది కౌమారుల మీద బెక్ పత్రాన్ని పరీక్షించి 2007లో ప్రచురించిన ఫలితం దీనికి చక్కని నిదర్శనం. కటాఫ్ 5 పెడితే సున్నితత్వం సుమారు 91 శాతం, నిర్దిష్టత 18 శాతం. 22 పెడితే సున్నితత్వం 27 శాతానికి పడి, నిర్దిష్టత 90 శాతానికి చేరింది. ఎవరినీ జారవిడవకూడదనుకుంటే మొదటిది, నిర్ధారణకు దగ్గరగా పోవాలంటే రెండోది.

పీహెచ్‌క్యూ-9కు పెద్దల్లో వాడే కటాఫ్ 10. అమెరికాలో 13–17 ఏళ్ల 442 మంది మీద రిచర్డ్‌సన్ బృందం 2010లో చేసిన అధ్యయనంలో 11 దగ్గర సున్నితత్వం 89.5 శాతం, నిర్దిష్టత 77.5 శాతం వచ్చాయి. కోల్‌కతా విద్యార్థులపై 2013లో వచ్చిన అధ్యయనం 5నే మేలైన కటాఫ్‌గా చూపింది. ఒకే తొమ్మిది ప్రశ్నలకు రెండు చోట్ల ఇంత తేడా రావడంలో వింత లేదు. బాధను ఎంతవరకు ఒప్పుకోవచ్చన్నది ఊరికో తీరుగా ఉంటుంది. ఇంకొక భాషలో, ఇంకొక దేశంలో నిర్ణయించిన కటాఫ్‌ను తెలుగు పిల్లల మీద ఎత్తిపెట్టడం కంటే స్థానికంగా సరిచూసుకోవడం ఎందుకు ముఖ్యమో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

కటాఫ్ దాటినవారిలో నిజంగా రుగ్మత ఉన్నవారెందరన్నది ఆ సముదాయంలో రుగ్మత ఎంత ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. లెక్క వేసి చూద్దాం. 1,000 మంది విద్యార్థుల్లో 50 మందికి కుంగుబాటు ఉందనుకుందాం. సున్నితత్వం 90 శాతమైతే 45 మంది దొరుకుతారు. నిర్దిష్టత 80 శాతమైతే, లేని 950 మందిలో 190 మంది కూడా కటాఫ్ దాటుతారు. మొత్తం 235 మందిలో నిజమైనవారు 45, అంటే ఐదుగురిలో ఒక్కరు. మిగతా 190 మంది మీద ముద్ర వేయకుండా, ఆ 45 మందిని వదలకుండా చూసుకోవాలంటే 235 మందితో విడివిడిగా కూర్చుని మాట్లాడే మనుషులు కావాలి. పాఠశాలల్లో స్క్రీనింగ్ చేద్దామనుకునేవారు మొదట లెక్కవేసుకోవలసింది ఈ మనుషులనే.

ఆడ, మగ తేడా కూడా ఉంది. యుక్తవయసు తర్వాత అమ్మాయిల్లో కుంగుబాటు అబ్బాయిలకంటే సుమారు రెట్టింపు. అమెరికాలోని ఓరెగన్ ఉన్నత పాఠశాలల్లో 1991లో చేసిన పరిశీలనలో, పెద్దలకు 16 కటాఫ్‌గా ఉన్న సీఈఎస్-డీ కొలమానానికి అమ్మాయిల్లో 24, అబ్బాయిల్లో 22 సరిపడ్డాయి.

విశ్వసనీయత, సప్రమాణత

మళ్లీ అడిగితే దాదాపు అదే ఫలితం రావడం, అంశాలు ఒకదానితో ఒకటి పొందికగా ఉండటం విశ్వసనీయత. అంతర్గత పొందికను క్రోన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా గుణకంతో చెబుతారు. 0.7 దాటితే చాలంటారు. కొలవాలనుకున్నదాన్నే కొలవడం సప్రమాణత. దీన్ని నిర్ధారణ ముఖాముఖితో పోల్చి నిరూపించాలి. ఆల్ఫా బాగుందని చెప్పి సప్రమాణత కుదిరిందనుకోవడం కొత్త పరిశోధకులు తరచూ చేసే పొరపాటు. తొమ్మిది ప్రశ్నలూ కలిసి పరీక్షల భయాన్ని కొలిచినా ఆల్ఫా బ్రహ్మాండంగా ఉంటుంది.

తెలుగులోకి మార్చడం

ఆచరణలో గట్టి చిక్కంతా ఇక్కడే ఉంది. అంతర్జాతీయంగా అనుసరించే క్రమం ఇది: ఇద్దరు విడివిడిగా అనువదించడం, ఇంకొకరు మూలం చూడకుండా తిరిగి మూలభాషలోకి మార్చడం, తేడాలను సరిచేయడం, ఆ తర్వాత కొద్దిమంది పిల్లల చేత చదివించి, ఏ ప్రశ్న ఎలా అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించడం. ఈ చివరి మెట్టును చాలామంది దాటేస్తారు. దోషాలు బయటపడేది మాత్రం అక్కడే.

మొదటి చిక్కు నకారాలది. చాలా ప్రశ్నలు లేమిని గురించి అడుగుతాయి. 'దేనిమీదా ఆసక్తి లేకపోవడం' అన్న ప్రశ్న పక్కన 'అస్సలు లేదు' అన్న జవాబు గడి ఉంటే, ఆసక్తి అస్సలు లేని పిల్ల ఆ గడిలోనే టిక్కు పెడుతుంది. ఆమెకు పడవలసింది 3, పడేది 0. ఈ ఒక్క ప్రశ్న రుగ్మత గుర్తింపుకు మూలస్తంభం కాబట్టి నష్టం చిన్నది కాదు. జవాబును 'ఒక్కరోజు కూడా ఇలా జరగలేదు' అని మారిస్తే దారి సాఫీ అవుతుంది.

రెండోది మాటల ఎంపిక. కుంగుబాటు పత్రికల మాట, పిల్లలు అనరు. దిగులు అంటారు. బెంగ అంటే దూరమైనవారి మీద, ఇంటి మీద. ఇంటర్‌కు నెల్లూరు హాస్టల్లో చేరిన మొదటి నెలలో అది దాదాపు అందరికీ ఉంటుంది, అది రుగ్మత కాదు. గుబులులో భయం పాలు ఎక్కువ. 'ఏం తోచట్లా' అన్న మాట మనసు లేకపోవడాన్ని చెబుతుంది, వేసవి సెలవుల్లో ఊసుపోకపోవడాన్నీ చెబుతుంది. 'తినబుద్ధి కావట్లా', 'దేనిమీదికీ మనసు పోవట్లా' అన్నవి ఎక్కువ స్పష్టం. నీరసం ఒంటిదీ మనసుదీ కూడా. తలనొప్పి, కడుపులో తిప్పడం, గుండె బరువుగా ఉండటం వంటి ఒంటి బాధలతో మొదలుపెట్టే పిల్లలు ఎందరో. పీహెచ్‌క్యూలో వాటికి చోటు లేదు. తాను పనికిరానన్న అంశంలో 'మా వాళ్ల పరువు తీశాను' అన్న మాట చేరిస్తే పదో తరగతి పిల్లల మనసు ఎక్కడ నలుగుతుందో అక్కడికే ప్రశ్న చేరుతుంది.

సంబోధన ఇంకొకటి. అచ్చు పత్రాల్లో 'మీరు' అని ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లను ఊళ్లో ఎవరూ మీరు అనరు, ఆ మాట వినగానే అది పరీక్ష పేపరు అయిపోతుంది, సరైన జవాబు ఏదో వెతకడం మొదలవుతుంది. 'నువ్వు' అని రాయడమే మేలు.

చదివి నింపడం కష్టమైన పిల్లలకు చదివి వినిపించాలి. నెల్లూరు జిల్లాలో యానాది జనాభా ఎక్కువ, బడి మధ్యలో ఆగిన పిల్లలు వారిలో ఉన్నారు. తీరంలోని పట్టపు మత్స్యకార కుటుంబాల్లో ఇంట్లో తమిళం కలిసిన యాస వినబడుతుంది. బడి తెలుగులో రాసిన పత్రానికి ఆ పిల్లలు ఇచ్చే జవాబుల్లో కొంత భాష వల్ల వచ్చే తేడా ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో వినియోగం

పీహెచ్‌క్యూ-9కు తెలుగు రూపం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో 42 గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ పథకంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ మీద ఈ ప్రశ్నలు అడిగి, మార్కులు ఎక్కువ వచ్చినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి దగ్గరికి పంపారు. అది పెద్దల కోసం. దాని అనుభవంతోనే అదే సంస్థ కౌమారుల కోసం ఆర్టెమిస్ అధ్యయనాన్ని చేపట్టింది. విజయవాడ, ఢిల్లీ మురికివాడల్లో 60 సముదాయాలను ఎంచుకుని, 10–19 ఏళ్ల వారిలో పీహెచ్‌క్యూ-9 మార్కులనూ మానసిక సమస్యల పట్ల ఉండే చిన్నచూపునూ ప్రధాన ఫలితాలుగా కొలిచింది. తెలుగు కౌమారుల దగ్గర కొలమానం కేవలం సర్వేగా మిగలకుండా చికిత్స దాకా వెళ్లే దారిలో భాగమైన పెద్ద ప్రయత్నం ఇది.

యంగ్ లైవ్స్ దీర్ఘకాలిక అధ్యయనం 2002 నుంచి ఆంధ్ర, తెలంగాణల్లో సుమారు 3,000 మంది పిల్లలను వెంబడిస్తోంది. కోవిడ్ కాలంలో, అప్పటికి యువతీయువకులైన వారిని ఫోనులో పీహెచ్‌క్యూ-8 ప్రశ్నలు అడిగింది. చావు ఆలోచన ప్రశ్న తీసేసిన రూపం అది. ఫోను అవతల ఉన్న మనిషికి వెంటనే సాయం అందించలేని చోట ఇలా చేయడం పద్ధతి.

నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల వారిలో మానసిక సమస్యలు 7.3 శాతమని చెప్పింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. ఇంటర్ ఫలితాల వేళ పిల్లలను పోగొట్టుకున్న వార్తలు ఏటా వచ్చే ప్రాంతానికి ఇది పెద్ద లోటు.

బిహార్‌లోని నలంద జిల్లాలో 74 పాఠశాలల్లో జరిగి 2018లో లాన్సెట్‌లో వెలువడిన సెహెర్ ప్రయోగం ఇక్కడ ప్రస్తావించదగ్గది. శిక్షణ పొందిన సాధారణ సలహాదారు ఉన్న పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లల కుంగుబాటు మార్కులు తగ్గాయి. అదే కార్యక్రమాన్ని ఉపాధ్యాయులకు అప్పగించిన చోట ఆ ఫలితం రాలేదు.

చావు ఆలోచన గురించిన ప్రశ్న

పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న దీని గురించే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు భయపడతారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది విద్యార్థుల మీద జరిపి 2005లో ప్రచురించిన ప్రయోగంలో, ఈ ప్రశ్నలు అడిగినవారికీ అడగనివారికీ తర్వాత బాధలోనూ ఆలోచనలోనూ తేడా కనిపించలేదు. అప్పటికే కుంగుబాటు ఉన్న పిల్లలకు కూడా అడగడం వల్ల కీడు జరగలేదు.

ప్రమాదం అడిగి ఊరుకోవడంలో ఉంది. ఈ ప్రశ్నకు 0 కాక ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా, ఆ రోజే శిక్షణ ఉన్న మనిషి విడిగా మాట్లాడాలి. పత్రాలను సంచిలో వేసుకుపోయి నెల తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించే సర్వేల్లో ఈ ప్రశ్న పెట్టకూడదు. మైపాడు వంటి ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి ముందే చెప్పి ఉంచడం, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపే ఏర్పాటు చేసుకోవడం పత్రాలు పంచడానికి ముందు జరగాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఉచిత సహాయ నంబరు 14416కు రాత్రీపగలూ ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

చికిత్సలో, పరిశోధనలో

చికిత్స మొదలయ్యాక అదే కొలమానాన్ని కొన్ని వారాలకొకసారి ఇస్తారు. పీహెచ్‌క్యూలో 5 మార్కుల తగ్గుదలను గమనించదగ్గ మార్పుగా చూస్తారు. సీడీఆర్‌ఎస్-ఆర్‌లో 28 లేక అంతకంటే తక్కువకు దిగితే లక్షణాలు తగ్గిపోయినట్టే. 12–17 ఏళ్ల 439 మందితో జరిగి 2004లో వెలువడిన టాడ్స్ ప్రయోగం ఈ కొలమానంతోనే నడిచింది. 12 వారాల తర్వాత మెరుగైనట్టు వైద్యులు తేల్చినవారు ఫ్లూఆక్సెటిన్ మందు, మాటల చికిత్స కలిపి ఇచ్చిన వర్గంలో 71 శాతం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వర్గంలో సుమారు 35 శాతం.

ఏ కొలమానం ఎంచుకున్నారన్నది ఫలితాన్నే మార్చగలదని 329వ సంఖ్య అధ్యయనం చూపింది. కౌమారుల్లో పారాక్సెటిన్ అనే మందు పనిచేస్తుందని ఆ అధ్యయనం మీద 2001లో వచ్చిన వ్యాసం ప్రకటించింది. ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన ఫలితం హామిల్టన్ కొలమానం మార్కులు. వాటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వ్యాసం వేరే ఫలితాలను ముందుకు తెచ్చింది. అసలు దత్తాంశాలను తిరిగి విశ్లేషించిన స్వతంత్ర పరిశోధకులు ఆ మందు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు కాదనీ, హాని ఎక్కువనీ 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ప్రయోగానికి ముందే కొలమానాన్ని ప్రకటించి దానికే కట్టుబడి ఉండాలన్న నియమానికి ఈ ఉదంతం బలాన్నిచ్చింది.

సమ్మతి, గోప్యత, చట్టం

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లలోపు వారి మీద పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి. 12 ఏళ్లు దాటినవారైతే రాతపూర్వకంగా తీసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, వందమంది లేక అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హతగల సలహాదారును నియమించుకోవాలని ఆదేశించింది.

ఊళ్లో గోప్యత కాగితం మీద చెప్పినంత తేలిక కాదు. ఒకటే గది ఉన్న ఇంట్లో అమ్మ పక్కన నిలబడి ఉంటే కూతురి జవాబు అమ్మ జవాబే. ఇద్దరేసి కూర్చునే తరగతి బెంచీ మీద పక్కవాడి చూపు పడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులూ మగవాళ్లంతా ఊళ్లోనే ఉంటారు, ఇంట్లో డబ్బు తక్కువ, పది ఫలితాల గొడవ కూడా దాదాపు అప్పుడే. ఆ రోజుల్లో తీసిన మార్కులనూ జనవరిలో తీసినవాటినీ తేదీలు రాయకుండా పోల్చకూడదు. పత్రం మీద పేరుకు బదులు సంఖ్య వేసి, పేరు-సంఖ్యల జాబితాను వేరే చోట తాళం వేసి ఉంచి, ఎత్తైన మార్కులు వచ్చిన పిల్లలను తరగతి ముందు పేరు పెట్టి పిలవకుండా, ఆ రోజు పత్రం నింపిన పిల్లలందరినీ ఒక్కొక్కరిగా రెండు నిమిషాలు పలకరించే పద్ధతి ఉంది. అప్పుడు ఎవరిని ఎందుకు పిలిచారో పక్క బెంచీకి తెలియదు.